లక్ష్యం వేరు, పరికల్పన వేరు

సంపాదకులకు నమస్కారం.

మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ., ఎం.ఎడ్. విద్యార్థులు డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాయవలసిన పద్ధతిపై మీ విద్యా పుటలో వచ్చిన వ్యాసం ఉపయోగకరంగా ఉంది. అయితే ‘లక్ష్యాలు, పరికల్పనలు’ అన్న భాగాన్ని అందులో రెండు వాక్యాలతో దాటవేశారు. డిసర్టేషన్లు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను, మన పరిశోధనలు ఎక్కువగా చెడేది ఆ పేజీలోనే.

పరిశోధకుడు ఏమి తెలుసుకోదలచాడో చెప్పేది లక్ష్యం. దానికి ఏ జవాబు వస్తుందని అనుకుంటున్నాడో, కొలవడానికి వీలైన మాటల్లో ముందుగా చెప్పేది పరికల్పన. ‘విద్యార్థులపై సెల్‌ఫోన్ ప్రభావాన్ని అధ్యయనం చేయడం’ అని లక్ష్యం రాసి, దాని కిందనే ‘విద్యార్థులపై సెల్‌ఫోన్ ప్రభావం ఉంటుంది’ అని పరికల్పన రాసేవారు కోకొల్లలు. ఫోన్ వాడకాన్ని రోజుకు ఎన్ని గంటలని లెక్కిస్తారో, ప్రభావం ఏకాగ్రతపైనా నిద్రపైనా, దానిని ఏ పరీక్షతో కొలుస్తారో చెప్పనంతకాలం ఆ వాక్యాన్ని ఏ ఫలితమూ కాదనలేదు.

1974లో మనస్తత్వవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ప్రచురించిన ప్రయోగాన్ని చూడండి. ప్రశ్న అడిగే తీరును బట్టి సాక్షి చెప్పే జవాబు మారుతుందా అన్నది వారి లక్ష్యం. 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల దృశ్యాలు చూపించి, కార్ల వేగం ఎంత ఉంటుందని అడిగారు. ప్రశ్నలోని క్రియాపదం ఒక్కటే ఒక్కో బృందానికి ఒక్కో విధంగా మారింది. ‘తగిలినప్పుడు’ అన్న అర్థం గల పదం విన్నవారి సగటు అంచనా గంటకు 31.8 మైళ్లు కాగా, ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్న అర్థం గల పదం విన్నవారిది 40 మైళ్లకు పైనే. క్రియాపదం స్వతంత్ర చరం, అంటే పరిశోధకులు మార్చేది; మైళ్లలో చెప్పిన అంచనా పరతంత్ర చరం, అంటే దాన్ని బట్టి మారుతుందేమో కొలిచేది. తీవ్రమైన పదం విన్నవారు ఎక్కువ వేగం చెబుతారన్నది పరికల్పన. రెండు సగటులూ ఒక్కటిగా వచ్చి ఉంటే అది వీగిపోయేది.

మన డిసర్టేషన్లలో పరిస్థితి వేరు. బాలబాలికల మధ్య సార్థక భేదం (యాదృచ్ఛికమని కొట్టిపారేయలేని తేడా) లేదు, గ్రామీణ పట్టణ విద్యార్థుల మధ్య సార్థక భేదం లేదు, ప్రభుత్వ ప్రైవేటు యాజమాన్యాల మధ్య సార్థక భేదం లేదు అంటూ శూన్య పరికల్పనలు (భేదమేమీ లేదనే ఊహలు) పాత ప్రతుల నుంచి కొత్త ప్రతుల్లోకి దిగుతూ ఉంటాయి. ఆ భేదం ఎందుకు ఉండవచ్చో, ఎందుకు ఉండకపోవచ్చో చెప్పే వాక్యం ఒక్కటీ కనిపించదు. పైగా చివరి అధ్యాయంలో ‘శూన్య పరికల్పన నిరూపితమైనది’ అని రాస్తారు. శూన్య పరికల్పనను తిరస్కరించగలమే తప్ప ఎన్నటికీ నిరూపించలేమని గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ 1935లోనే స్పష్టం చేశారు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. 0.05 స్థాయిలో, అంటే భేదం లేకున్నా ఉన్నట్లు కనిపించే అవకాశం ఒక్కో పోలికలో నూటికి ఐదన్న హద్దుతో, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పోలికలు చేస్తే, నిజంగా ఏ భేదమూ లేకపోయినా కనీసం ఒక్కటి సార్థకంగా కనిపించే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్ని పట్టుకుని, మొదటినుంచీ దానినే ఊహించినట్లు పరికల్పన తిరగరాయడం బిడ్డ పుట్టాక జోస్యం చెప్పడమే. మనస్తత్వవేత్త నార్బర్ట్ కెర్ 1998లో ఈ అలవాటును ప్రత్యేకంగా ఎత్తిచూపారు. 2015లో 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్లీ నిర్వహించి చూసినప్పుడు, మొదట వాటిలో 97 శాతం సార్థక ఫలితాలు చూపగా, మళ్లీ చేసినప్పుడు 36 శాతమే చూపాయి. చిన్న నమూనాల వంటి కారణాలూ ఇందులో ఉన్నాయి గాని, ఈ అలవాటుకూ అందులో వాటా ఉందని నా అభిప్రాయం.

అందువల్ల విశ్వవిద్యాలయాల పరిశోధన పర్యవేక్షకులకు నా విన్నపం ఒక్కటే. దత్తాంశ (డేటా) సేకరణకు ముందే లక్ష్యాలు, పరికల్పనలు, కొలిచే పరీక్షల పేర్లు గల పేజీపై విద్యార్థి చేత తేదీతో సంతకం చేయించి శాఖలో భద్రపరచాలి. మౌఖిక పరీక్ష నాడు పరీక్షకుల ముందు డిసర్టేషన్‌తో పాటు ఆ పేజీనీ ఉంచాలి. ఇందుకు ఖర్చేమీ లేదు. ఆన్‌లైన్‌లో నమోదు చేయదలచిన వారికి ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే పరిశోధనల వెబ్ వేదిక ఆ సదుపాయాన్ని ఉచితంగానే ఇస్తోంది. మీ పత్రిక కూడా ‘పరిశోధనలో తేలింది’ అంటూ వార్త ప్రచురించేటప్పుడు, ఆ పరిశోధకులు ముందుగా ఏమి ఊహించారో ఒక్క వాక్యంలో తెలియజేయాలని కోరుతున్నాను.

– విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం