మొదటిసారి ఎగిరే రోజు చుట్టాల్ని పిలవకండి

సంపాదకులకు,

ఇంట్లో కట్టుకున్న తేలికపాటి విమానం అనగానే చాలామందికి సాహసమే గుర్తొస్తుంది. అందులోని అసలు సుఖం మాత్రం నిశ్చింత. నేల ఇంకా వేడెక్కని పొద్దుటి వేళ గాలి కదలదు. వెయ్యి అడుగుల ఎత్తులో స్టిక్‌ను (విమానాన్ని నడిపే కర్రను) రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, చెట్ల నీడలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నానికి వేడిగాలి లేచి ఇంత తేలిక విమానాన్ని కుదిపేస్తుంది. ఈ సరదా పొద్దున్నే తీర్చుకోవాలి.

ఆ నిశ్చింతకు పునాది షెడ్డులో పడుతుంది. రేకుల్ని కలిపి బిగించే మేకులాంటి రివెట్ 2.4 మి.మీ. మందం ఉన్నది కొడితే నలిగిన తల వెడల్పు 3.6, ఎత్తు 1.2 మి.మీ. ఉండాలి. తేడా స్వల్పమైతే ముట్టుకోకపోవడమే మేలు. డ్రిల్‌తో తీసేటప్పుడు రంధ్రం సాగిపోతే నష్టం ఇంకా ఎక్కువ.

చాలామంది దాటేసేది ఇంధన ప్రవాహ పరీక్ష. టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి, పంపు ఉంటే 125 శాతం, ట్యాంకు నుంచి దానంతటదే జారే ఏర్పాటైతే 150 శాతం ఇంధనం కార్బ్యురేటర్ దాకా రావాలి. గంటకు 27 లీటర్లు తాగే ఇంజిన్‌కు పంపుతో పది నిమిషాల్లో కనీసం 5.63 లీటర్లు కొలపాత్రలో పడాలి. ముక్కు పైకెత్తి, విమానం పైకెక్కేటప్పుడు ఉండే కోణంలోనే కొలవాలి. సమంగా నిలబెట్టి కొలిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. రన్‌వే వదిలి పైకెక్కుతుండగా ఇంజిన్ ఆగిపోవడానికి ఇదొక కారణం.

రోటాక్స్ 912 ఇంజిన్ వాడేవారు నూనె మట్టం చూసే ముందు ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆపి, నూనె ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పాలి. గుడగుడమని చప్పుడొస్తే ఇంజిన్ అడుగున మిగిలిన నూనె ట్యాంకులోకి చేరినట్టు. అంతకుముందే కొలపుల్ల ముంచితే తక్కువ చూపిస్తుంది, అనవసరంగా నూనె పోసేస్తారు. వెనక్కి మాత్రం తిప్పకండి, నూనె దారుల్లోకి గాలి చేరుతుంది.

ఇక మొదటి ఎగురుడు. ఆ రోజు చుట్టాలు, కెమెరాలు వద్దు. ఎదురుచూసే జనం ఉంటే గాలి తిరిగినా, మీటరు ముల్లు అనుమానంగా ఊగినా వాయిదా వేయడానికి మనసొప్పదు. పైలట్ ఒక్కడే ఎక్కాలి. రన్‌వేకు దగ్గర్లోనే 3000 అడుగులకు చేరి, వేగం మెల్లగా తగ్గిస్తూ, రెక్కలు పట్టు కోల్పోయే ముందు వచ్చే వణుకు ఎక్కడ మొదలైందో తన వేగం మీటరులోనే చదువుకోవాలి. గాలి ఒత్తిడి గొట్టం అమరికలో కాస్త తేడా ఉన్నా ఆ మీటరు తప్పు చెబుతుంది, అందుకే పుస్తకంలోని అంకెను నమ్మకూడదు. 40 నాట్ల దగ్గర వణికితే దానికి 1.3 రెట్లు, అంటే 52తో దిగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు