‘ఆ నీళ్ళు మాకు అలవాటే’ అన్న ధీమా గురించి వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళకు పైగా మల పరీక్షలు చేసి రిటైరైన ఉద్యోగిని నేను. జిగట విరేచనాలకు కారణమయ్యే ఎంటమీబా హిస్టోలిటికా అనే అమీబా విషయంలో మన వ్యవస్థ ఎక్కడ పొరబడుతున్నదో తమ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

నా ఉద్యోగం చివరి రోజుల్లో ఏడేళ్ళ బాబు ఒకడు ఒకే ఏడాదిలో మూడుసార్లు మా ల్యాబుకు వచ్చాడు. ప్రతిసారీ అదే బాధ: కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మాటిమాటికీ విరేచనం, బంకతో పాటు నెత్తుటి చారలు. మూడోసారి వాళ్ళు మలం డబ్బీ తెచ్చిన వెంటనే సెలైన్ చుక్కలో కలిపి స్లైడు చూస్తే అమీబాలు ఇంకా పాకుతూనే ఉన్నాయి, వాటి లోపల మింగిన ఎర్ర రక్తకణాలు గుండ్రంగా కనిపిస్తున్నాయి. రిపోర్టు తీసుకుంటూ ఆ తల్లి, ‘ఇంట్ల అందరం అవే నీళ్ళు తాగుతున్నం సార్, మాకు అలవాటే, వీనికొక్కనికే ఎందుకైతుంది?’ అని అడిగింది. ఆమెకు ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఈ లేఖ.

అలవాటు పడ్డామని అనుకునే వాళ్ళలో చాలామంది నిజానికి అమీబా నుంచి తప్పించుకున్న వాళ్ళు కారు. ఈ అమీబా పేగులో చేరిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిది మందికి ఏ బాధా ఉండదు. కానీ వాళ్ళ మలంలో సిస్టులు (అమీబా నిద్రాణ రూపాలు) బయటికి పోతూనే ఉంటాయి. గట్టి గోడ కట్టుకున్న ఆ సిస్టు తడి ఉన్న చోట రోజులు, ఒక్కోసారి వారాల తరబడి బతుకుతుంది. కుళాయి నీటిలో బాక్టీరియాను చంపడానికి మనం కలిపే క్లోరిన్ మోతాదు దానికి సరిపోదు, మరిగిస్తే చస్తుంది. రోజు విడిచి రోజు నీళ్ళు వదిలే బస్తీల్లో పైపు ఖాళీగా ఉన్న గంటల్లో, పక్కనే పారే మురుగు పగుళ్ళలోంచి లోపలికి లాగబడుతుంది. నీళ్ళు రాగానే మొదటి బిందె పట్టుకునే ఇంటికి అదే చేరుతుంది. ఇది పేద బస్తీలకే పరిమితమైన సంగతి కాదు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చి పెద్ద హోటళ్ళలో దిగిన వాళ్ళకు, అక్కడి మురుగు గొట్టాల లోపం వల్ల మంచినీళ్ళు కలుషితమై ఇదే వ్యాధి సోకింది. వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, 98 మంది చనిపోయారు.

ఇక రోగనిరోధక శక్తి సంగతి. ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలో 289 మంది చిన్నపిల్లలను పరిశోధకులు నాలుగేళ్ళపాటు గమనించారు. చివరిదాకా ఉన్న పిల్లల్లో 80 శాతం మందికి కనీసం ఒక్కసారి ఈ అమీబా సోకింది, 53 శాతం మందికి మళ్ళీ సోకింది. అమీబా పేగు గోడను పట్టుకోవడానికి వాడే లెక్టిన్ అనే మాంసకృత్తిని అడ్డుకునే ఐజీఏ ప్రతిరక్షకాలు పేగులోనే ఎక్కువగా ఉన్న పిల్లలకు తక్కువగా సోకింది. రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నంత మాత్రాన ఆ రక్షణ కనిపించలేదు. అంటే శరీరం కొంతవరకు నేర్చుకుంటుంది, నిజమే, కానీ ఆ నేర్చుకున్నది పేగు పొర దగ్గరే ఉండాలి, అదీ పూర్తి రక్షణ కాదు. సరైన తిండి లేని పిల్లల్లో ఈ జబ్బు మరింత సులభంగా పాతుకుంటుందని కూడా అదే బస్తీ పరిశోధనలు చూపించాయి. టీకా ఇప్పటికీ లేదు. కాబట్టి ‘మన జనానికి అలవాటే’ అన్న మాట అధికారుల నోట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ అలవాటు ఖరీదును పసిపిల్లల పేగులు చెల్లిస్తున్నాయి.

ఆ బాబు ఇంట్లో వాళ్ళందరి శాంపిళ్ళూ తెమ్మన్నాను. నానమ్మ స్లైడు మీద అయోడిన్ చుక్క వేస్తే నాలుగు కేంద్రకాల సిస్టులు కనిపించాయి. ఆమెకు ఏ బాధా లేదు, రోజూ మనవడికి అన్నం కలిపి ముద్దలు పెట్టేది ఆమే. అయినా ఆమె నుంచే వచ్చిందని నేను చెప్పలేను. ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ సిస్టులు కూడా మైక్రోస్కోపులో అచ్చం అలాగే ఉంటాయి. ఇవి రెండూ వేర్వేరు జీవులని 1993లో తేల్చారు, 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు దాన్ని ఆమోదించారు. వాటిని విడదీసి చెప్పే యాంటిజెన్ పరీక్ష గానీ పీసీఆర్ గానీ మా ల్యాబులో నేను రిటైరయ్యే దాకా రాలేదు. ‘సిస్టులు కనిపించాయి’ అని మాత్రమే రాసి సంతకం పెట్టాను.

2018లో మొదలైన ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నోస్టిక్స్ పేదలకు ఎంతో మేలు చేసింది. దాని జిల్లా ల్యాబుల్లో (హబ్బుల్లో) ఈ యాంటిజెన్ పరీక్షను చేర్చండి. జిగట విరేచనాలు రెండోసారి వచ్చిన ప్రతి పిల్లవాడికీ, వాడి ఇంట్లో వాళ్ళకూ అది ఉచితంగా జరగాలి. గురుకుల హాస్టళ్ళలో, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు కూడా జరగాలి, అయితే సిస్టులు ఉన్నాయన్న కారణంతో ఎవరి పనీ పోకూడదు. పని పోతుందన్న భయం ఉంటే ఎవరూ డబ్బీ తేరు.

చికిత్స విషయంలో లోటు ఇంకా పెద్దది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నుంచి పెద్దాసుపత్రి దాకా ఇచ్చేది మెట్రోనిడజోల్. అది పేగు గోడలోకి, కాలేయంలోకి చొచ్చుకుపోయిన అమీబాను చంపుతుంది గానీ, రక్తంలోకి బాగా ఇంకిపోతుంది కనుక పెద్దపేగు లోపల మిగిలిన వాటిని పూర్తిగా తుడిచిపెట్టదు. ఆ మందు వాడిన వాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది పేగుల్లో పరాన్నజీవి మిగిలే ఉంటుంది. అందుకే దాని తర్వాత డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ లాంటి మందు కోర్సు ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న పాత మందే అది. ఆ బాబుకు మూడుసార్లూ రాసిన చీటీలో అది లేదు. బయట కొనుక్కోమని చెప్పినా ఆ తల్లి కొనగలిగేది కాదు. దయచేసి ఆ మందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, ప్రతి బస్తీ దవాఖానాకూ చేరేలా ఆదేశించండి.

2009 మేలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్ళు తాగి మనుషులు చనిపోయినప్పుడు ప్రభుత్వమంతా కదిలింది. అమీబా అలా ఒక్కసారిగా విరుచుకుపడదు, అందుకే కంటపడదు. మా ఆసుపత్రి లెక్కల్లో ఆ బాబు మూడు రాకలూ ‘విరేచనాలు’ అన్న ఒకే గడిలో కలిసిపోయాయి. అమీబాకు వేరే గడి ఉంటే, మూడోసారి వచ్చేలోపే ఆ వీధి పైపులైను ఎవరైనా తవ్వి చూసేవారు.

మరొక్క మనవి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో నులిపురుగుల మాత్ర వేస్తున్నారు. మంచి పని. అయితే ఆ అల్బెండజోల్ ఈ అమీబా మీద పనిచేయదు. మాత్ర వేశాం కదా అని తల్లిదండ్రులు ధీమాగా ఉంటున్నారు. వచ్చే విడతలో మాత్రతో పాటు ఈ ఒక్క ముక్కా, నీళ్ళు మరిగించి తాగించాలన్న మాటా ఆశా కార్యకర్తల చేత, టీచర్ల చేత ప్రతి ఇంటికీ చెప్పించండి.

ఇట్లు
భవదీయుడు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్