మీ కార్బొరేటర్ కిట్‌లో రబ్బరు ఉబ్బిపోతోంది

రాజోలు,
కోనసీమ జిల్లా.

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: 100 సీసీ బైకు కార్బొరేటర్ కిట్‌లోని ఫ్లోట్ నీడిల్ (బౌల్‌లోకి పెట్రోల్ రాకుండా ఆపే సూది), బౌల్ ఓరింగ్ (అడుగున పెట్రోల్ నిలిచే గిన్నెకి వేసే రబ్బరు చుట్టు) పాడవడం గురించి.

అయ్యా,

నేను రాజోలులో 22 ఏళ్లుగా టూవీలర్ మెకానిక్ షెడ్డు నడుపుకుంటున్నాను. పోయిన నెల మీ కిట్లు మూడు కొన్నాను, ఒక్కోటి 180 రూపాయలు. ఒకటి కొబ్బరి దింపు తీసే ఆయన బండికి వేశాను. బండి వానకి తడిసి బౌల్ అడుగున నీళ్లు చేరాయి. మొత్తం విప్పి, జెట్లకి క్లీనర్ కొట్టి, గాలి పట్టించాను. జెట్ కన్నాల్లో తీగ పెట్టి పొడిచే అలవాటు నాకు లేదు. స్లయిడ్ నీడిల్ క్లిప్పు ఏ గాడిలో ఉందో మళ్లీ అదే గాడిలో పెట్టాను. ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లు ఉందో ముందే లెక్కపెట్టుకుని అన్నే విప్పాను. ఫ్లోట్ ఎత్తు కూడా సరిచూశాను. ఎలాగూ విప్పాం కదా అని ఫ్లోట్ నీడిల్, ఓరింగ్ మీవి కొత్తవి వేశాను. ఐడ్లింగ్ చక్కగా నిలబడింది.

నాలుగో రోజు తెల్లారుజామున ఆయన పాలకొల్లు వైపు దింపుకి వెళ్తూ, చించినాడ వంతెన మీద పెట్రోల్ వాసన ఘాటుగా వస్తుంటే బండి ఆపాడు. ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పెట్రోల్ కారిపోతోంది. పెట్రోల్ కాక్ కట్టేసి వంతెన దిగేదాకా తోసుకుంటూ వెళ్లాడు. ఆ రోజు కూలి పోయింది. వేడి ఇంజిను పక్కనే పెట్రోల్ కారిందంటే, ఇంకేమైనా అయ్యుంటే నేనేం సమాధానం చెప్పేవాణ్ణి?

బౌల్ విప్పి చూస్తే, ఫ్లోట్ నీడిల్ కొస రబ్బరు మెత్తబడి, అది ఆనుకునే కన్నం అంచు (సీటు) అచ్చు దాని మీద లోతుగా పడిపోయింది. ఓరింగ్ తీశాక మళ్లీ గాడిలో పట్టలేదు. నావల్లే తప్పు జరిగిందేమోనని ఆ రాత్రి మీ రెండో కిట్‌లోని ఓరింగ్, ఆ బండి పాత ఓరింగ్ కలిపి ఒక గాజు సీసాలో పెట్రోల్ పోసి వేశాను. పొద్దున్నే రెండూ గాడిలో పెట్టి చూశాను. పాతది బుద్ధిగా కూర్చుంది. మీది ఒకవైపు నొక్కితే ఇంకోవైపు పాము పడగలా లేచింది. చివరికి పాత నీడిల్, పాత ఓరింగే వేసి పంపాను. బండి బాగానే తిరుగుతోంది.

ఇప్పుడు మా బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. దానికి ఆగని రబ్బరు కిట్‌లో ఎలా పెట్టారు? 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు చాలావరకు కార్బొరేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. కార్బొరేటర్ బండి ఇంకా నడుపుతున్నది కొత్తది కొనలేనివాళ్లే. వాళ్లకి రెండోసారి మజూరీ అడగడానికి నాకు నోరు రాదు.

మూడు కిట్ల ఖరీదు 540 రూపాయలు, రెండోసారి విప్పి బిగించిన మజూరీ 300 రూపాయలు ఇప్పించండి. ఈ బ్యాచ్ కిట్లు షాపుల నుంచి వెంటనే వెనక్కి తీసుకోండి. ఏ పెట్రోల్‌కి పనికొస్తుందో ప్యాకెట్ మీద తెలుగులో అచ్చు వేయండి. బిల్లు నకలు, ఉబ్బిన ఓరింగ్, వాడని మూడో కిట్ ఈ కవరులో పంపుతున్నాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్, రాజోలు.