పాఠం అయ్యాక ఒకసారి వెనక్కి: సంఘం వార్షిక కార్యకలాపాల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాదంతా ఒక్క విషయం మీదే పనిచేద్దామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. టీచర్లు తాము చెప్పిన పాఠాన్ని, పిల్లలు తాము నేర్చుకున్న తీరును వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు పెంచాలన్నదే ఆ తీర్మానం. ఇందుకోసం కొత్త పరికరాలేవీ కొనలేదు. ఉన్న పీరియడ్లలో, ఉన్న పాఠాలతోనే ఏం చేయవచ్చో చూశాం. సమావేశాల వివరాలు మినిట్స్ పుస్తకంలోనూ, జమాఖర్చులు విడి పత్రంలోనూ ఉన్నాయి కాబట్టి, ఇక్కడ తరగతి గదిలో జరిగిన పని గురించే రాస్తున్నాం.

పని మొదలుపెట్టే ముందు అధ్యయన బృందం ఈ విషయం మీద వచ్చిన రచనలు కొన్ని చదివింది. ఒక నమ్మకానికి ఉన్న ఆధారాలేమిటి, దాన్ని ఒప్పుకుంటే ఎక్కడికి దారితీస్తుంది అని పట్టుదలగా, జాగ్రత్తగా పరిశీలించడమే లోతైన ఆలోచన అని అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే రాశారు. 1983లో అమెరికా పరిశోధకుడు డోనాల్డ్ షాన్ దీన్ని వృత్తి జీవితానికి అన్వయించి, పని జరుగుతుండగా చేసే ఆలోచన వేరు, పని ముగిశాక చేసే ఆలోచన వేరు అన్నారు. టీచర్లకు ఈ రెండూ అనుభవమే. పిల్లల ముఖాలు చూసి పాఠం మధ్యలోనే ఉదాహరణ మార్చేయడం మొదటిది. ‘ఆ లెక్క దగ్గర క్లాసంతా ఎందుకు ఆగిపోయింది?’ అని సాయంత్రం కూర్చుని ఆలోచించడం రెండోది. మొదటిది అనుభవంతో కొంత దానంతటదే వస్తుంది. రెండోదానికి మాత్రం వేళ కేటాయించాలి, అది ఎవరికీ దొరకడం లేదు. మా దృష్టంతా దాని మీదే పెట్టాం.

డైరీలు

ఆ రోజు పాఠం గురించి టీచర్లు రాసుకునే డైరీల విషయంలో మొదటే ఒక నియమం పెట్టుకున్నాం. టీచరు రాసుకున్న డైరీని హెడ్మాస్టరు గానీ, సంఘం గానీ చూపించమని అడగకూడదు. ఎవరో తనిఖీ చేస్తారంటే ఎవరైనా బాగా జరిగిందనే రాస్తారు, అప్పుడది మరో రిజిస్టరు అవుతుంది. మూడే ప్రశ్నలు ఇచ్చాం: ఈ రోజు పిల్లలు ఎక్కడ తడబడ్డారు? ఆ సంగతి నాకెలా తెలిసింది? రేపు ఏం మారుస్తాను?

మాకు రెండో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమనిపించింది. ‘అర్థమైందా?’ అంటే క్లాసంతా ‘అయింది’ అంటుంది. దాన్ని ఆధారంగా తీసుకోలేం. ఒక ఉదాహరణ చెబుతాం. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు 1/4 అంటారు. ‘పిల్లలు శ్రద్ధ పెట్టడం లేదు’ అని రాసుకుంటే రేపు చేయడానికి ఏమీ ఉండదు. ‘3 కన్నా 4 పెద్దది కదా అని, పూర్ణ సంఖ్యలకు నేర్చుకున్న నియమాన్నే భిన్నాలకూ వాడుతున్నారు’ అని రాసుకుంటే రేపటి పాఠం అక్కడే దొరుకుతుంది. రెండు సమానమైన కాగితపు పట్టీలు తీసుకుని, ఒకదాన్ని మూడు భాగాలు, ఇంకోదాన్ని నాలుగు భాగాలు చేయించి పక్కపక్కన పెట్టించాలి. పిల్లవాడు చేసిన తప్పు వెనుక వాడిదైన తర్కం ఒకటి ఉంటుంది. దాన్ని వెతికిన డైరీయే పనికొచ్చే డైరీ అని మా అభిప్రాయం.

ప్రశ్న అడిగాక ఆగడం

ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ పరిశోధన తేల్చింది. ఆ విరామాన్ని మూడు సెకన్లు, ఆపైకి పెంచితే పిల్లల జవాబులు నిడివిలోనూ, ఆలోచనలోనూ పెరిగాయి, పేరు పెట్టి పిలవకుండానే మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు, జవాబు రాక ఊరుకోవడం తగ్గింది. ఈ పద్ధతిని సాధన చేయడానికి టీచర్లు జంటలుగా ఒకరి క్లాసులో ఒకరు కూర్చున్నారు.

చెప్పినంత తేలిక కాదిది. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే టీచరుకు టెన్షన్ మొదలవుతుంది, చేయెత్తిన మొదటి విద్యార్థినే లేపాలనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ‘ఏ సంవత్సరం?’, ‘ఎవరు?’ లాంటి ప్రశ్నలకు ఎంతసేపు ఆగినా ఫలితం ఉండదు. తెలిస్తే వెంటనే చెబుతారు, లేకపోతే లేదు. కాబట్టి ఆగడం నేర్చుకోవాలంటే ముందు ప్రశ్నలు మార్చుకోవాలి. ‘ఎందుకని అనుకుంటున్నావు?’, ‘ఇది తప్పని ఎవరైనా అంటే ఏం చెబుతావు?’ లాంటి ప్రశ్నల దగ్గరే ఆ మూడు సెకన్లకు విలువ.

పిల్లలతో

పరీక్ష పేపర్లు తిరిగి ఇచ్చేటప్పుడు చిన్న మార్పు చేశాం. ముందు వ్యాఖ్యలతో పేపరు ఇచ్చి, మార్కులు తర్వాత చెప్పడం. 1988లో విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు, వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇస్తే ఆ మేలు కనిపించలేదు. మార్కు కనబడితే చూపు దాని మీదే ఉంటుందని ప్రతి టీచరుకూ, ప్రతి తల్లికీ తండ్రికీ తెలిసిందే.

పేపరు అందుకున్న విద్యార్థి ప్రతి తప్పు పక్కనా కారణం రాయాలి. విషయం తెలియలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, తెలిసీ తొందరపడ్డాడా? ఈ మూడింటికీ మందు వేర్వేరు. మూడోరకం తప్పులు చేసే పిల్లవాడిని పాఠం మళ్లీ చదవమంటే వాడికి ఒరిగేదేమీ లేదు. లెక్కల్లో గణిత శాస్త్రవేత్త జార్జ్ పోల్యా 1945లో చెప్పిన నాలుగు మెట్లను (అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, చేయడం, చేసినదాన్ని మళ్లీ చూడడం) పెద్ద తరగతుల్లో వాడాం. నాలుగో మెట్టును అందరూ వదిలేస్తారు కాబట్టి, జవాబు వచ్చాక ‘ఇంకో దారిలో చేయవచ్చా?’ అనే ప్రశ్నను తప్పనిసరి చేశాం. ఇంకా రాయడం రాని చిన్నపిల్లలు పక్కవాళ్లకు నోటితోనే చెప్పుకున్నారు.

వచ్చిన అభ్యంతరం

‘ఇలా ఆగుతూ పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?’ అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ప్రతి పీరియడ్‌లోనూ కొన్ని నిమిషాలు దీనికి పోతాయన్నది నిజం, దాన్ని దాచడం మంచిది కాదు. అయితే పునాది అర్థం కాకుండా ముందుకెళ్లిన పాఠాన్ని పరీక్షల ముందు మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది, ఆ సమయాన్ని మాత్రం ఎవరూ లెక్కలో వేయరు. ఆ కొద్ది నిమిషాలు పెట్టడమే మేలని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

ఇందులో యాజమాన్యాల బాధ్యత కూడా ఉంది. టీచరుకు ఊపిరాడని టైమ్‌టేబుల్ ఇచ్చి, దాని మీద రిజిస్టర్లు పెంచుకుంటూ పోయి, ఆపైన లోతుగా ఆలోచించమనడం అన్యాయం. వారంలో కనీసం ఒక పీరియడ్ టీచర్లు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి వదలాలని మన సంఘం అడుగుతోంది.

వచ్చే ఏడాదికి

జపాన్ టీచర్లు తరతరాలుగా పాటిస్తున్న పాఠ అధ్యయన పద్ధతిని చేపట్టాలని ప్రతిపాదిస్తున్నాం. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు బోధిస్తారు, మిగిలినవాళ్లు క్లాసులో కూర్చుని పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో గమనిస్తారు. తర్వాతి చర్చ పాఠం గురించే సాగుతుంది, చెప్పినవారికి మార్కులు వేయడం ఉండదు. ఇందులో పాల్గొనదలచిన సభ్యులు తమ సబ్జెక్టు, తరగతి రాసి సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి ఇవ్వాలి. తల్లిదండ్రులు కూడా పరిశీలకులుగా రావచ్చా అన్న విషయం ఆ సమావేశంలో ఓటుకు పెడతాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి