గోడ ఇద్దరిదీ, అనుమతి మాత్రం ఒక్కరికే: పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి నమస్కారం.

ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇప్పుడు ఇంట్లో కూర్చునే తెచ్చుకోవచ్చు. 2020లో ఆన్‌లైన్‌లోనే ఇళ్ళ అనుమతులిచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో ఇల్లు, దాని మీద ఒక అంతస్తు వేసుకోవాలంటే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా అయితే యజమాని తనంతట తాను రాసిచ్చిన డిక్లరేషన్ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆ తర్వాత అదే పనికి బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ కూడా వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ, చేతులు తడిపే బాధ తగ్గాయి. ఇది మంచి పని, దీన్ని వెనక్కి తీసుకోమని నేను రాయడం లేదు. కానీ పక్కిల్లు అంటుకుని ఉన్నచోట ఒక్కరి మాట మీద అనుమతి ఇచ్చేస్తే రెండో ఇంటి సంగతి ఎవరు చూడాలి? ఇదొక్కటే నా ప్రశ్న.

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో, 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయిన ఊరు. పాత ఊరంతా గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ళ కోసం ఉన్న భూమి. ఇక్కడ ఒక్కో ఇంటికి విడిగా సర్వే నంబరు ఉండదు, ఇంటి నంబరే ఆధారం. దస్తావేజు తీసి హద్దులు చదివితే తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర బాట, ఉత్తరాన ఫలానా వారి గోడ అని ఉంటుంది తప్ప ఆ గోడ ఎవరిది, ఏ అంచు నుంచి కొలవాలి అన్నది ఉండదు. చాలా ఇళ్ళు ఒకప్పుడు ఒకే ఇల్లు. అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు ఉన్న గోడనే హద్దుగా పెట్టుకున్నారు, పెద్దమనుషులు పంపకాల కాగితంలో "మధ్య గోడ ఉమ్మడి" అని ఒక్క ముక్క రాయించి సంతకాలు పెట్టించారు. రెండడుగుల మందం, రాయి, మట్టి, రెండు వైపుల దూలాలూ దాని మీదే. తాతల కాలంలో గొడవ రాలేదంటే ఆ గోడను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. ఇప్పుడు పిల్లలకు పెళ్ళిళ్ళయి, ఉన్న గదులు చాలక, వెనక వంటగది పెంచుకోవాలి, పైన గది వేయాలి అని ప్రతి వీధిలో ఎవరో ఒకరు పని మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టినచోటల్లా పంచాయితీ.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా ఇంటికి ఉత్తరాన మా చిన్నమామ వాళ్ళ వాటా. వాళ్ళు వెనక భాగం పెంచి పైన రెండు గదులు వేయాలనుకున్నారు. మాకు అభ్యంతరం ఏమీ లేదు, ఆయన కొడుకు, నాకు మరిది, ముందు రోజు వచ్చి "వదినా, రేపు పని మొదలుపెడుతున్నం" అని చెప్పి వెళ్ళాడు కూడా. ఏ గోడ తీస్తారు, ఎంత లోతు తవ్వుతారు అన్నది అతనికే సరిగ్గా తెలియదు, అంతా మేస్త్రి చూసుకుంటాడనుకున్నాడు. మేస్త్రి ఆ ఉమ్మడి గోడలో వాళ్ళవైపు సగం మందం తీయించి, వచ్చిన జాగాలో కాలమ్‌లకు వరసగా గుంతలు తవ్వించాడు. రెండు రాళ్ళ వరసలుగా మట్టితో కట్టిన గోడలో ఒక వరస తీసేస్తే మిగిలిన సగానికి నిలబడే బలం ఉండదు. అది వానాకాలం, కింద నల్లరేగడి. రాత్రి పడ్డ వానకు గుంతల్లో నీళ్ళు నిలిచి, మావైపు మట్టి వాటిలోకి జారింది. మా అత్తమ్మ పడుకునే గదిలో మూల నుంచి దూలం దాకా చెయ్యి దూరేంత పగులు. ఆమె మోకాళ్ళ నొప్పులతో లేవలేని మనిషి, ఆ చీకట్లో మంచంతో సహా ముందు గదిలోకి మోసుకొచ్చాం. తర్వాత చాలా రోజులు వాన చప్పుడు వింటేనే ఇంట్లో అందరికీ టెన్షన్.

మా మరిదికి మా మీద కోపం లేదు, మాకు కీడు చేయాలని అతను అనుకోలేదు. ఇలా ఎందుకవుతుందో మీ ఇంజనీర్లకు బాగా తెలుసు. కాలమ్‌ను హద్దు మీదికి నెట్టి, దాని కింద మామూలుగా వేసే చతురస్రపు ఫుటింగ్ (పునాది దిమ్మె) వేస్తే అందులో సగం పక్కవాళ్ళ స్థలంలోకి పోతుంది. పోకూడదంటే కాలమ్‌ను ఫుటింగ్ అంచున నిలబెట్టి, లోపలి కాలమ్‌తో బీమ్ వేసి కలపాలి. దానికి డిజైన్ కావాలి, ఇనుము ఎక్కువ పడుతుంది, కాబట్టి అడిగేవాళ్ళు లేనిచోట ఎవరూ వేయరు. ఇక పాత ఇళ్ళ పునాది రెండు మూడడుగుల లోతే ఉంటుంది, కొత్త గుంత ఐదారడుగులు పోతుంది, అంటే పాత పునాది కింద మట్టికి పక్క ఆసరా తీసేసినట్టే. గోడ పొడవునా ఒకేసారి తవ్వకుండా ఒక గుంత తీసి, కాంక్రీటు వేసి, పూడ్చాక ఇంకోటి తీయాలి, ఈలోగా పక్క గోడకు ఆసరా దుంగలు పెట్టాలి. తడిస్తే ఉబ్బి ఆరితే కుంచించుకుపోయే నల్లరేగడిలో వానాకాలం అసలు ఆ పని పెట్టుకోకూడదు. ఇవి పెద్ద పెద్ద టవర్లు కట్టేవాళ్ళకు మాత్రమే తెలిసిన రహస్యాలేం కావు, మా ఊరి పాత మేస్త్రీలూ చెప్తారు.

భవన నిర్మాణ నిబంధనలున్న 2012 నాటి జీవో 168 చూడండి. సెల్లార్ తవ్వాలంటే హద్దు నుంచి కనీసం ఒకటిన్నర మీటరు వదలాలని అందులో ఉంది. 100 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టుకుంటే పక్కల ఖాళీ వదలక్కర్లేదనీ ఉంది. చిన్న స్థలాల వాళ్ళకు అది న్యాయమే, 60 గజాల్లో అటు మూడడుగులు ఇటు మూడడుగులు వదిలితే మిగిలేదేముంది? కానీ హద్దు అంచు దాకా కట్టుకోవచ్చని చెప్పినప్పుడు, ఆ అంచున ఎలా తవ్వాలి, ఎవరికి చెప్పి తవ్వాలి అన్నది కూడా అక్కడే చెప్పాల్సింది.

పగులు వచ్చాక మేం తిరిగిన తిరుగుడు వేరే. టౌన్ ప్లానింగ్ వాళ్ళు ప్లాన్ వరకే మా పని, హద్దు తగాదా మా పరిధి కాదన్నారు. పోలీసులు సివిల్ మ్యాటర్ అన్నారు. సర్వేయర్‌ని అడిగితే గ్రామకంఠంలో ఇంటికీ ఇంటికీ మధ్య గీత చూపించే పటం తన దగ్గర లేదన్నాడు. ఇక మిగిలింది కోర్టు. పని ఆపమని ఇంజంక్షన్ అడగాలి, కోర్టు తరఫున చూసి వచ్చే అడ్వకేట్ కమిషనర్‌ని వేయించుకోవాలి, ఆయన వచ్చి చూసే లోపు అక్కడ స్లాబ్ వేసేసి ఉంటారు. పైగా సొంతవాళ్ళ మీద కేసు వేస్తే రేపు పెళ్ళికీ చావుకీ ఒకరి గడప ఒకరు తొక్కరు. చివరికి ఒక వకీలు సలహా మీద న్యాయసేవల సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాం, లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఖర్చు చెరిసగం పెట్టుకుని మావైపు కొత్త ఇటుక గోడ లేపాం. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డుకు, అంటే అక్కడ రాసిచ్చే తీర్పుకు, కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, ఫీజు లేదు. ఈ దారి ఉందని గోడ పగిలేదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

కట్టుకునేవాళ్ళ బాధ కూడా తక్కువేం కాదు. హద్దు మీద గోడ లేపాక దాని బయటివైపు ప్లాస్టరింగ్ చేయాలంటే పక్కింట్లో నిలబడాలి, వాళ్ళు రానివ్వకపోతే ఆ గోడ ఏళ్ళ తరబడి చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. కొందరు పాత పగళ్ళు చూపించి నీ తవ్వకం వల్లే వచ్చాయని డబ్బు అడుగుతారు. పని మొదలయ్యే ముందు ఫోటోలు, కొలతలు లేకపోవడం వల్ల ఇటువాళ్ళూ అటువాళ్ళూ నష్టపోతున్నారు.

మా చెల్లె వాళ్ళు ఇంగ్లండ్‌లో ఉంటారు. అక్కడ వరస ఇళ్ళకు మధ్య గోడ ఒకటే, వాళ్ళు వంటగది వెనక్కి పెంచుకోవాలనుకున్నప్పుడు మొదట చేసిన పని పక్కింటికి నోటీసు ఇవ్వడం. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇందుకోసమే 1996లో ఒక చట్టం చేశారు. పక్క కట్టడానికి మూడు మీటర్ల లోపల దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే నెల ముందు, ఉమ్మడి గోడనే ముట్టుకోవాలంటే రెండు నెలల ముందు కాగితం ఇవ్వాలి. పక్కవాళ్ళు 14 రోజుల్లో ఒప్పుకోకపోతే సర్వేయర్లు వచ్చి, పక్కిల్లు ఎలా ఉందో రాసి, పని ఎలా చేయాలో, నష్టం జరిగితే ఎవరు కట్టాలో ముందే తేల్చి రాసిస్తారు. పక్కవాళ్ళు మొండికేసినా న్యాయమైన పని ఆగదు, అది నాకు బాగా నచ్చింది. ఆ చట్టం మొత్తం ఇక్కడికి తెమ్మని అనడం లేదు, అంత సర్వేయర్ ఫీజు మా వీధిలో ఎవరూ కట్టలేరు. అందులో ఉన్న వరస తీసుకోండి చాలు: ముందు చెప్పడం, ముందు చూసి రాయడం, తర్వాత తవ్వడం.

మీ దగ్గర కోరేది ఇదీ. ఆన్‌లైన్ దరఖాస్తులోనే "పక్క గోడ ఉమ్మడిదా, హద్దుకు మూడు మీటర్ల లోపల తవ్వుతున్నారా" అని ఒక ప్రశ్న పెట్టండి. అవునంటే పక్కింటివాళ్ళ ఫోన్‌కు తెలుగులో మెసేజ్, చేతికి కాగితం వెళ్ళాలి, నెల గడువు ఉండాలి. ఆ నెలలో వాళ్ళ ఇంటి ఫోటోలు, గోడ కొలతలు ఇద్దరి సంతకాలతో ఎక్కించాలి, హద్దు మీది ఫుటింగ్ బొమ్మ ఇంజనీరు సంతకంతో జతచేయాలి. భూముల రికార్డుల చట్టం భూభారతి కోసం ప్రభుత్వం లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చింది కదా, వాళ్ళలో కొందరికి గ్రామకంఠం గోడలు కొలిచే పని కూడా అప్పగించండి, ఫీజు మాత్రం మామూలు జనం కట్టగలిగేంత పెట్టండి. ఒప్పందం కుదరకపోతే ఫైలు నేరుగా లోక్ అదాలత్‌కు పోయే ఏర్పాటు ఉండాలి. ఉమ్మడి గోడ వెంట జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పునాది తవ్వకాలు ఆపండి.

దీనికి కొత్త చట్టమే కావాలా, సర్క్యులర్ సరిపోతుందా అన్నది మీరు తేల్చండి, ఫారంలో ఒక ప్రశ్న చేర్చడానికి మాత్రం ఎక్కువ కాలం పట్టదు. మా వీధిలోనే ఇంకో రెండిళ్ళవాళ్ళు వచ్చే శ్రావణంలో ముగ్గు పోయాలని చూస్తున్నారు. రెండు చోట్లా మధ్య గోడ ఉమ్మడిదే, రెండు చోట్లా గోడ అవతల ముసలివాళ్ళు ఉన్నారు.

ఇట్లు,
పాత ఊరిలో ఉంటున్న ఒక గృహిణి