ఈడొచ్చిన బరోలో

ఒరే బావా,

నీ మెసేజ్ చూశాను. ఎవరో ఇచ్చిన చియాంతీ వైన్ సీసాని షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన నిలబెట్టి, "ఎంత పాతబడితే అంత రుచి, బుడ్డోడి పెళ్ళికి తెరుస్తా" అన్నావు చూడు, దానికి ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టించుకుని చదువు.

ముందు చేదు మాట చెప్పేస్తా. ఆ సీసా ఈ వారమే తెరిచెయ్. లోకంలో చేసే వైన్‌లో చాలాభాగం కొద్ది ఏళ్ళలో తాగెయ్యడానికి చేసిందే. మామూలు చియాంతీ కూడా అంతే. దాచి ముసలిదాన్ని చేస్తే ఒరిగేదేమీ లేదు. పైగా హైదరాబాదు ఎండాకాలాలన్నీ అది ఆ అద్దాల వెనకే గడిపింది. వైన్ నెమ్మదిగా పండాలంటే ఏడాది పొడుగునా 12, 14 డిగ్రీల చల్లదనం కావాలి, చీకటి కావాలి, కార్కు ఎండిపోకుండా సీసా పడుకుని ఉండాలి. నీది పండలేదురా, ఉడికిపోయి ఉంటుంది. తాగలేకపోతే చెల్లెమ్మకి చెప్పి మటన్ కూరలో పోయించు.

ఇక అసలు ముచ్చట. ఇక్కడ ఇటలీలో, టురిన్‌లో మా ఇంటి ఓనరు, రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, పోయిన ఆదివారం భోజనానికి పిలిచి 1996 కోత బరోలో తెరిచాడు. సెర్రలుంగా దాల్బా అనే ఊరిది. 2000లో అమ్మకానికి రాగానే అరడజను కొని, ఇంటి కింద నేలమాళిగలో పడుకోబెట్టాడట. నడుమ ఒకటి తెరిచి, ఇంకా లొంగలేదని మిగతావాటి జోలికి పోలేదట.

బరోలో అంటే టురిన్‌కి దక్షిణాన, ఆల్బా పక్కనున్న లాంగే కొండల్లో 11 ఊళ్ళ ఎర్ర వైన్. అంతా నెబ్బియోలో ద్రాక్షే, వేరేది ఒక్క చుక్క కలపడానికి లేదు. ఆలస్యంగా పండే రకం, కోత సాధారణంగా అక్టోబరులో, కొండల మీద పొగమంచు దిగే రోజుల్లో. చట్టం ప్రకారం ఇప్పుడు 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. రిజెర్వా అని రాసుకోవాలంటే 62 నెలలు. ఇన్ని నెలలు ఆగి బయటికొచ్చిన వైన్ కూడా నోట్లో పోసుకుంటే పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్ళు పట్టేస్తుంది. ఆ వగరు టానిన్లది. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తాయి, ఉమ్మిలోని ప్రోటీన్లని పట్టుకుని నోరు ఎండగడతాయి. అందులోనూ సెర్రలుంగా మట్టిది మరీ మొండిఘటం. 1996 అయితే చెప్పనే అక్కర్లేదు. నిదానంగా పండిన ఏడు, పులుపూ ఎక్కువే, వగరూ ఎక్కువే. మరుసటి 1997 వేడి ఏడు. ఆ వైన్లు పుట్టగానే మెత్తగా ఉన్నాయని జనం నెత్తిన పెట్టుకున్నారు. వాటిలో చాలావాటికి ఇప్పుడు ఆయాసం వస్తోంది. 96లేమో ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నాయి. నాకైతే ఇందులో ఏదో న్యాయం కనిపించింది.

సీసా లోపల జరిగేదేమిటంటే, కార్కు గుండా అతికొద్ది గాలి తగులుతూ టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదాన్నొకటి అంటుకుని, పెద్దవై, మడ్డిగా అడుక్కి దిగుతాయి. రంగు పలచబడుతుంది, వగరు మెత్తబడుతుంది, పండు వాసన తగ్గి కొత్త వాసనలు లేస్తాయి. సరైన ఈడు అంటే వగరు లొంగాలి, పండు ఇంకా బతికుండాలి. దాటిపోతే పులుపూ ఎండుటాకుల వాసనా తప్ప ఏమీ మిగలవు. ఆ ఈడు ఎప్పుడొస్తుందో సీసా మీద ఎవడూ రాయడు. ఒకే పెట్టెలో రెండు సీసాలు కూడా ఒక్కలా ఉండవు.

పెద్దాయన శుక్రవారమే సీసాని నిలబెట్టాడు, మడ్డి దిగడానికి. ఆదివారం పొద్దున్నే రెండు సన్నటి రేకులున్న ఓపెనర్ని కార్కు పక్కల్లోంచి దింపి, తిప్పుతూ తిప్పుతూ లాగాడు. మామూలు స్క్రూ గుచ్చితే అంత పాత కార్కు పొడైపోతుందట. వేరే కూజాలోకి ఒంచలేదు, మూత తీసి మధ్యాహ్నం దాకా అలాగే వదిలేశాడు.

గ్లాసులో పోస్తే ఇటుక రంగు, అంచున నారింజ. వెనక పెట్టిన వేలు కనిపించేంత పలచన. దీని కోసమా ఇంత హడావిడి అనుకున్నా. ముక్కు దగ్గర పెడితే ముందు తారు, నిజంగా రోడ్డు వేసే తారే. దాని వెనక ఎండిన గులాబీ రేకులు. కాసేపటికి అతిమధురం, పుట్టగొడుగులు. నోట్లో వగరు ఉంది కానీ కరవడం మానేసింది. మింగాక వాసన ఎంతసేపు నిలిచిందంటే, పక్కావిడ ఏదో అడుగుతుంటే జవాబు చెప్పబుద్ధి కాలేదు. గంట తర్వాత గులాబీ ఇంకా పైకొచ్చింది. చివరి గ్లాసే గొప్పది, అడుగున మడ్డి మిగిల్చి పోశాడు.

తిండి సంగతి నువ్వెలాగూ అడుగుతావు. పచ్చసొనలతో కలిపిన సన్నటి తయరీన్ పాస్తా, వెన్నతో. మీద తురమాల్సిన ఆల్బా తెల్ల ట్రఫుల్ (నేలలో దొరికే ఖరీదైన పుట్టగొడుగు) లేదు, రైల్వే పెన్షన్‌కి అది అందదు. తర్వాత బ్రసాతో, అంటే వైన్‌లో గంటల తరబడి ఉడికించిన ఎద్దు మాంసం. మా ఇంట్లో చెప్పకు. దాన్ని వండింది చవక నెబ్బియోలోతోలే, 96తో కాదు. గోంగూర మటన్‌తో ఎలా ఉంటుందంటావా? వద్దురా. కారం మీద టానిన్, ఆల్కహాలు రెండూ మంటని పెంచుతాయి, ఆ గులాబీ గిలాబీ ఏదీ దొరకదు. దానికి చల్లటి బీరే న్యాయం.

భోజనాల దగ్గర చిన్న గొడవ కూడా అయింది. 1980ల్లో కుర్ర రైతులు కొందరు ఇన్నేళ్ళు ఎవరు ఆగుతారని 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలు తెచ్చారు, వాటినే బరీక్ అంటారు. ఎలియో ఆల్తారే అయితే వాళ్ళ నాన్న పెద్ద పీపాల్ని రంపం మెషీనుతో కోసేశాడు, తండ్రి ఆస్తి ఇవ్వనన్నాడు. అటువైపు పాత పద్ధతి వదలని బర్తోలో మస్కరెల్లో సీసా లేబుల్ మీద తనే బొమ్మ గీసి "బరీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని రాశాడు, బెర్లుస్కోనీ అంటే ఇటలీ రాజకీయ నాయకుడు. మా పెద్దాయన మస్కరెల్లో పార్టీ, అల్లుడు ఆల్తారే పార్టీ. నేను ఇద్దరి గ్లాసులూ నింపుతూ కూర్చున్నా.

నువ్వొస్తానన్నావుగా. నేలమాళిగలో నా వాటా మూలన ఒక 2010 ఉంది, దాన్ని ఇప్పుడు ముట్టుకోనివ్వను. 2004 ఒకటుంది, అది సిద్ధంగా ఉందని నా లెక్క. వీసా చేతికి రాగానే తేదీ చెప్పు, రెండు రోజుల ముందే దాన్ని నిలబెట్టాలి. నవంబరు అయితే మేలు. మంకీక్యాప్ తెచ్చుకో, ఆ పొగమంచులో నిన్ను చూసి నవ్వేవాడెవడూ ఉండడు.

నీ బావ
టురిన్