పెట్టె మీద 1 మిల్లీసెకండ్, తెర మీద నల్లటి తోక

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ 27 అంగుళాల, 165 హెర్ట్జ్ (సెకనుకు 165 ఫ్రేములు), వీఏ రకం ప్యానెల్ ఉన్న గేమింగ్ మానిటర్‌లో గోస్టింగ్ (కదిలే వస్తువు వెనక తోకలా మిగిలే పాత బొమ్మ) లోపం, రెస్పాన్స్ టైమ్ (పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం) గురించి పెట్టె మీద అచ్చేసిన తప్పుదారి పట్టించే అంకె – మార్పిడి లేదా డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

ఈ మానిటర్ మీద ఇదివరకు ఇచ్చిన ఫిర్యాదుకు "ప్యానెల్ నిర్దేశిత ప్రమాణాల్లోనే ఉంది" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి మీ సిబ్బంది ఫైలు మూసేశారు. ఏ ప్రమాణం, ఏ మోడ్‌లో కొలిచారు, ఏ రంగు నుంచి ఏ రంగుకి కొలిచారు అన్నది అందులో లేదు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. దయచేసి దీన్ని ప్యానెల్ ట్యూనింగ్ చూసే ఇంజినీర్లకు చేరేలా చూడండి.

లోపం ఇది. ముదురు బూడిద రంగు గోడ ముందు నల్లటి స్తంభం ఉన్న దృశ్యంలో కెమెరాను పక్కకు తిప్పితే స్తంభం వెనక అంచు నుంచి నల్లటి మరక సాగుతుంది. ముందు అంచు మాత్రం గీత గీసినట్టే ఉంటుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు బూడిద పెట్టెలున్న పేజీని స్క్రోల్ చేస్తే ఇదే లోపం తిరగేసి కనిపిస్తుంది: పెట్టె ఏ వైపు కదులుతుందో ఆ వైపు అంచు కొరికేసినట్టు మాయమై, స్క్రోల్ ఆపగానే నిండుతుంది. రెండు చోట్లా ఆలస్యమవుతున్న మార్పు ఒక్కటే, నలుపు నుంచి ముదురు బూడిదకు. తెలుపు, లేత బూడిద మధ్య కదలికల్లో ఈ మరక లేదు.

"కేబుల్ మార్చండి, డ్రైవర్ అప్‌డేట్ చేయండి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి" అన్న సలహాలు మళ్లీ పంపవద్దని మనవి. కేబుల్ పాడైతే తెర ఆరిపోతుంది, చుక్కలు మెరుస్తాయి, లేదా సిగ్నల్ పోతుంది. అంతేగానీ, ఎంచుకుని నల్లటి వస్తువుల వెనక మాత్రమే తోక రాదు. గేమ్ తప్పేమో అనుకుంటే దానికీ పరీక్ష ఉంది. టెంపొరల్ యాంటీ అలియాసింగ్ (పాత ఫ్రేములను కలిపి అంచులను నునుపు చేసే గేమ్ పద్ధతి) వల్ల వచ్చే నీడలు గ్రాఫిక్స్ కార్డులోనే తయారవుతాయి కాబట్టి స్క్రీన్ రికార్డింగ్‌లో కూడా కనిపిస్తాయి. ఈ మరక రికార్డింగ్‌లో లేదు. తెరను బయటి నుంచి కెమెరాతో తీస్తేనే దొరుకుతుంది. అంటే అది పుడుతున్నది ప్యానెల్‌లోనే.

జతపరచిన ఫొటోలు టెస్ట్ యూఎఫ్ఓ అనే వెబ్‌సైట్‌లోని గోస్టింగ్ పరీక్షలో, సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో, కెమెరాను బొమ్మతో పాటు పట్టాల మీద జరుపుతూ తీసినవి. షట్టర్ సెకనులో 40వ వంతు, అంటే 165 హెర్ట్జ్ దగ్గర దాదాపు నాలుగు ఫ్రేములు. గది మామూలు ఉష్ణోగ్రతలో ఉంది, మానిటర్ అరగంట పైగా వేడెక్కింది. ఈ మాట ఎందుకంటే, చలికి నూనె చిక్కబడ్డట్టే లిక్విడ్ క్రిస్టల్ కూడా చిక్కబడి మందగిస్తుంది. అప్పుడే ఆన్ చేసిన తెరను పరీక్షించారన్న సాకుకు తావు ఉండకూడదు.

ఫొటోల్లో రెండు రకాల మసక ఉంది, రెంటినీ కలిపేయకండి. 165 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 6.06 మిల్లీసెకండ్లు తెర మీద కదలకుండా నిలుస్తుంది, కన్ను మాత్రం వస్తువు వెంట జరుగుతూనే ఉంటుంది. ఈ వేగంలో దానివల్ల సుమారు 6 పిక్సెళ్ల మసక పడుతుంది. పిక్సెళ్లు ఎంత వేగంగా మారినా, బ్యాక్‌లైట్ (తెర వెనకుండే లైటు) నిరంతరం వెలిగే ఏ ఎల్‌సీడీకైనా ఇది తప్పదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా ఆ 6 పిక్సెళ్లు దాటాక మొదలయ్యే తోక మీదే. పిక్సెల్ 6.06 మిల్లీసెకండ్లలోపు రంగు మార్చుకోలేక తర్వాతి ఫ్రేముల్లోకి పాకుతున్న పాత బొమ్మ అది.

ఇలా ఎందుకు జరుగుతుందో మీ ఇంజినీర్లకు తెలియనిది కాదు. వీఏ ప్యానెల్‌లో ఓల్టేజీ లేనప్పుడు లిక్విడ్ క్రిస్టల్ అణువులు గాజుపలకకు నిట్టనిలువుగా నిలబడతాయి. అప్పుడు వెలుతురు దాదాపుగా బయటికి రాదు కాబట్టే 3000:1 కాంట్రాస్ట్ సాధ్యమవుతోంది. ముదురు బూడిద రావాలంటే అవి కొద్దిగా మాత్రమే వంగాలి. ఇచ్చే ఓల్టేజీ కూడా కొద్దిపాటిదే, కాబట్టి తోపు బలహీనం, కదలిక నత్తనడక. నలుపు నుంచి తెలుపుకైతే పూర్తి ఓల్టేజీ పడుతుంది, చాలా త్వరగా వంగుతాయి. ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెల్‌లో అణువులు పలకకు సమాంతరంగానే ఉండి అక్కడే తిరుగుతాయి, అందుకే వేర్వేరు రంగు మార్పుల మధ్య వేగంలో ఇంత తేడా రాదు. దానికి బదులు కాంట్రాస్ట్ సాధారణంగా 1000:1 దగ్గర ఆగిపోతుంది, చీకటి గదిలో మూలలు మెరుస్తాయి. టీఎన్ అనే మూడో రకం వేగంగా మారుతుంది గానీ కింది నుంచి చూస్తే రంగులు చెడతాయి. ఏ ప్యానెల్ లోటు దానికుంది. కొనేవాడికి చెప్పి అమ్మితే పేచీయే లేదు. మీ పెట్టె మీద మాత్రం ప్యానెల్ రకం చిన్న అక్షరాల్లో, "1 మిల్లీసెకండ్" పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.

ఆ 1 మిల్లీసెకండ్ సంగతే అసలు గొడవ. మాన్యువల్ వెనక పేజీలో చూస్తే అది ఎంపీఆర్‌టీ అని తేలింది. ఎంపీఆర్‌టీ పిక్సెల్ రంగు మారే వేగం కాదు, బొమ్మ కంటికి ఎంతసేపు కనిపిస్తుందన్న కొలత. బ్యాక్‌లైట్ ఆపకుండా దాన్ని 1 మిల్లీసెకండ్‌కు తేవాలంటే 1000 హెర్ట్జ్ కావాలి. 165 హెర్ట్జ్ మానిటర్‌లో ప్రతి ఫ్రేముకూ బ్యాక్‌లైట్‌ను ఆరో వంతు సేపు మాత్రమే వెలిగించి ఆర్పితే తప్ప ఆ అంకె రాదు. స్ట్రోబింగ్ అనే ఆ మోడ్ పెట్టగానే మీ మానిటర్‌లో వెలుగు పడిపోతుంది, అడాప్టివ్ సింక్ (గేమ్ ఫ్రేమ్ రేటుకు తగ్గట్టు తెర వేగాన్ని సర్దే సదుపాయం) మెనూలో బూడిదబారి నొక్కడానికి వీల్లేకుండా పోతుంది. పోనీ, మరకైనా పోతుందా? అదీ లేదు. లైటు వెలిగే క్షణానికి చీకటి పిక్సెళ్లు ఇంకా సగం దారిలోనే ఉంటాయి కాబట్టి తోక స్థానంలో జంట బొమ్మ కనిపిస్తుంది. జీటీజీ (ఒక బూడిద ఛాయ నుంచి ఇంకో ఛాయకు పిక్సెల్ మారే సమయం) అంకెను ఎక్కడా ఇవ్వనే లేదు. ఇచ్చినా, అది సాధారణంగా మార్పులో 10 నుంచి 90 శాతం వరకే కొలుస్తుంది. మొదటి 10 శాతం, చివరి 10 శాతం వదిలేస్తే, కంటికి మరకగా కనిపించే భాగంలో కొంత లెక్కలోంచి జారిపోతుంది.

మెనూలో ఓవర్‌డ్రైవ్‌కు (పిక్సెల్ త్వరగా మారేలా కాసేపు ఎక్కువ ఓల్టేజీ ఇచ్చే పద్ధతికి) మూడు మెట్లున్నాయి. 'నార్మల్'లో పైన చెప్పిన మరక. 'ఫాస్ట్'లో కాస్త తగ్గుతుంది. 'ఎక్స్‌ట్రీమ్'లో మధ్యస్థ బూడిద రంగులన్నీ గురి దాటిపోయి కదిలే ప్రతి వస్తువు వెనకా తెల్లటి అంచు వస్తుంది, చీకటి మరక మాత్రం అలాగే ఉంటుంది. ఏ రంగు మార్పుకు ఎంత ఓల్టేజీ ఇవ్వాలో చెప్పే ఓవర్‌డ్రైవ్ పట్టికలో చీకటి గడులను విడిగా ట్యూన్ చేయకుండా మొత్తాన్నీ ఒకే ఊపున పెంచారని దీన్నిబట్టి అనుకుంటున్నాను. పైగా ఫ్రేమ్ రేట్ 60 దగ్గరికి పడితే 'ఫాస్ట్'లో కూడా తెల్లటి అంచు మొదలవుతుంది. 165 హెర్ట్జ్‌కు సరిపడే ఓల్టేజీనే 16.7 మిల్లీసెకండ్ల ఫ్రేముకూ ఇస్తే జరిగేది అదే. ఫ్రేమ్ రేటును బట్టి ఆ ఓల్టేజీని మార్చే వేరియబుల్ ఓవర్‌డ్రైవ్ లేదన్న మాట పెట్టె మీద లేదు.

బ్లాక్ స్టెబిలైజర్ (చీకటి భాగాల వెలుగును పెంచే మెనూ సెట్టింగు) పెంచమని మీ సిబ్బంది చెప్పిన చిట్కా పనిచేస్తుంది, నిజమే. నలుపును కాస్త పైకి లేపితే అణువులు ముందే కొద్దిగా వంగి ఉంటాయి, మరక చిన్నదవుతుంది. కానీ అప్పుడు నలుపు బూడిదవుతుంది. వీఏ కొన్నదే ఆ నలుపు కోసం. "వీఏ అంటే ఇంతే" అన్న మాట కూడా ఒప్పుకోను. 2020లో వచ్చిన శాంసంగ్ ఒడిస్సీ జీ7 కూడా వీఏ ప్యానెలే, 240 హెర్ట్జ్‌లో నడుస్తూ ఈ చీకటి మరకను దాదాపు వదిలించుకుంది. శ్రద్ధ పెడితే చేయగలిగిన పని ఇది.

కాబట్టి నేను కోరేది: ఈ మానిటర్‌ను వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి, లేదా ఇదే పరిమాణంలో ఐపీఎస్ మోడల్ ఇవ్వండి. ఇదే మోడల్ ఇంకొకటి పంపితే ఉపయోగం లేదు, లోపం విడి ముక్కలో కాదు, ట్యూనింగ్‌లో ఉంది. ఇప్పటికే కొన్నవాళ్ల కోసం చీకటి మార్పులను విడిగా సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇవ్వండి. 165, 120, 60 హెర్ట్జ్‌ల దగ్గర ప్రతి ఓవర్‌డ్రైవ్ మెట్టుకూ పూర్తి జీటీజీ పట్టికను, గురి దాటిన శాతంతో సహా, ఉత్పత్తి పేజీలో పెట్టండి. పెట్టె మీద 1 మిల్లీసెకండ్ ఉంచదలిస్తే పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో "ఎంపీఆర్‌టీ, బ్యాక్‌లైట్ స్ట్రోబింగ్‌లో మాత్రమే, అడాప్టివ్ సింక్ పనిచేయదు" అని వేయండి. అంతకంటే మేలు, డిస్‌ప్లే ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ 2022లో తెచ్చిన క్లియర్ఎంఆర్ పరీక్షకు పంపండి. అది మిల్లీసెకండ్లను పక్కనపెట్టి, స్పష్టమైన పిక్సెళ్లకూ మసక పిక్సెళ్లకూ నిష్పత్తి చెబుతుంది. క్లియర్ఎంఆర్ 7000 అంటే మసక కంటే స్పష్టత 65 నుంచి 75 రెట్లు ఎక్కువ అని ఎవరికైనా అర్థమవుతుంది.

ఫొటోలు, వీడియో, మెనూ సెట్టింగుల చిత్రాలు, కొనుగోలు రసీదు జతపరిచాను. మానిటర్ స్టాండు, అడాప్టర్, కేబుళ్లతో సహా అసలు పెట్టెలోనే సిద్ధంగా ఉంది. ఎప్పుడు తీసుకెళ్తారో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
మీ మానిటర్ కొనుగోలుదారు